సున్నా గీసిన పీపా

ద్రాక్షతోట, పీపాల కొట్టు పక్క గది
చలి ఇంకా వదల్లేదు

ముక్కక్కా,

ఉత్తరం చూసి హడలిపోకు. ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. ఫోను చెయ్యొచ్చు కదరా మొద్దూ అంటావు. ఫోనులో నువ్వు మాట్లాడతావు, నేను ఊకొడతాను, పెట్టేశాక అసలు సంగతి గుర్తొస్తుంది. అందుకని రాస్తున్నాను. కూరగాయల వ్యాను ఎలాగూ మీ హోటలుకి వస్తుంది కనక ఈ పెట్టె దాంట్లో పంపుతున్నాను. సీసాలు పగలకుండా గడ్డి కుక్కాను. ఉత్తరం గడ్డిలో ఉంది.

నాన్న పోయాక నేనొక్కణ్ణే చేసిన మొదటి వైన్ ఇది. ఎరుపు అనడానికి లేదు, నలుపుకి దగ్గర. గ్లాసు వెనక వేలు పెడితే వేలు కనపడదు. ఒక గుక్క తాగితే చిగుళ్ళు బిగుసుకుపోతాయి, పచ్చికాయ కొరికినంత వగరు. మీ మరదలు రుచి చూసి, "ఇది తాగేదా, చెప్పులకి పట్టించేదా?" అంది.

మొన్న టోకు వర్తకుడు వచ్చాడు. నాన్నతో బేరాలాడిన పెద్దాయనే. చాలాసేపు నోట్లో తిప్పి తిప్పి మింగాడు. "సరుకు గట్టిదేనయ్యా. కానీ దీన్ని దేంతో తినాలి? అది చెప్పకుండా నేనెవరికి అమ్మను?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. నాన్న అయితే ఏదో ఒకటి అనేవాడు. తీగలు చిగురు వేసే రోజుల్లో మళ్ళీ వస్తానన్నాడు. ఆలోగా జవాబు తయారు చేసుకోవాలి. భోజనం పెట్టి మరీ చెప్పాలి. ఈసారి కూడా నేను నోరు తెరుచుకుని నిలబడితే, సగం తోట పీకేసి టమాటాలు వేద్దామంటోంది మీ మరదలు. ఆవిడనీ తప్పు పట్టలేను.

మూడు పీపాలున్నాయి. సీసాల మీద సుద్దతో గుర్తులు పెట్టాను. ఒంటి గీతా, జంట గీతా పాత పీపాల్లోవి. సున్నా గీసింది కొత్త పీపాది. పీపా చేసే అతను లోపల మంట పెట్టి చెక్క నల్లబడేదాకా కాల్చి ఇచ్చాడు. ఆ కాల్పు వైన్‌లోకి దిగుతుంది. నాకు సున్నా మీదే మనసు. అయినా నా మనసుదేముంది? పక్కింట్లో పాలు విరగబోతుంటే మనింట్లోంచి చెప్పిన దానివి నువ్వు. నాన్న కూడా నిన్ను పిలవకుండా పీపా మూత తీసేవాడు కాదు.

ఏ వంటకి ఏ సీసానో చూసి రాయి. బావకి అడిగానని చెప్పు.

నీ మొద్దు


హోటలు వంటగది వెనక వరండా
మధ్యాహ్నం, జనం పల్చబడ్డాక

మొద్దబ్బాయికి,

పెట్టె చేరింది. ఒక్క సీసా కూడా పగల్లేదు. నువ్వు గడ్డి కుక్కిన తీరు చూస్తే సీసాల్ని కాదు, పసిపిల్లల్ని పంపావేమో అనిపించింది.

మొన్నామధ్య జ్వరంతో పడ్డాను. నీకు చెప్పలేదు. చెబితే పని వదిలేసి పరిగెత్తుకొస్తావు. ఇప్పుడు బాగానే ఉన్నాను. జలుబు పట్టి కొన్నాళ్ళు వాసనలు తెలియలేదు కానీ ఇప్పుడన్నీ వచ్చేశాయి, మామూలుకంటే ఎక్కువే తెలుస్తున్నాయి. ఎంత ఎక్కువంటే కాఫీపొడి కొట్టువాడి మోసం కూడా పట్టేశాను. మాడిన గింజలు కలుపుతున్నాడు. కొట్టు మార్చేశాను. మా రెండో వంటాయన, అదే పొడుగాయన, రోజూ ఉల్లిపాయలు మాడబెడుతున్నాడు. "మాడలేదమ్మా, చూడండి, బంగారంలా ఉన్నాయి" అని నాతోనే వాదిస్తాడు. చూపుకి బంగారమే. వాసన మాత్రం భరించలేకపోతున్నాను.

ఇక నీ వైన్. గొర్రెమాంసం కొవ్వు తియ్యకుండా ఎముకతో సహా బొగ్గుల మీద కాల్చాను, బొగ్గులు మంచివి కావేమో కంపుకి ముక్కు మూసుకునే తిన్నాను. ఒంటి గీతది దాంతో తాగితే ప్రాణం లేచొచ్చిందిరా. ఆ వగరంతా కొవ్వు మీద పడి కరిగిపోయింది. వట్టిగా తాగినప్పుడు నోరు పట్టేసిందే, మాంసం నమిలాక మెత్తగా దిగింది. ఉప్పు కాస్త ఎక్కువ పడితే ఇంకా మెత్తబడింది. వంకాయ తొక్క నల్లబడేలా కాల్చి నూనె పోసి ఇస్తే జంట గీతకి సరిపోయింది. పాతబడి గట్టిపడ్డ చీజ్ ముక్కా బాగానే ఉంది. మిరపకాయ కారంతో మాత్రం వద్దు, నోట్లో నిప్పు మీద నిప్పు. తియ్యటి కేకుతో తాగితే చేదు, పులుపు తప్ప ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు చెప్పక తప్పని మాట. నీ సున్నా పాడైంది. మూత తియ్యగానే సైకిలు ట్యూబు తగలబెట్టిన కంపు. రెండో సీసా తీశాను, అదీ అంతే. గ్లాసులో పోసి గంట ఆగాను, పోలేదు. మిగతా రెండింట్లోనూ ఆ ఛాయ లేకపోలేదు కానీ సున్నాలో భరించలేం. నీకు ఇష్టమన్నావు కనక రాయడానికి చెయ్యి రాలేదు. అయినా నీతో కాక ఇంకెవరితో నిజం చెబుతాను? నా ముక్కు మీద ఒట్టు.

మీ బావ నీ వైన్ తాగి "బాగుంది" అన్నాడు. ఆయన కేకుతో తాగి కూడా అదే అన్నాడు.

నీ అక్క


ద్రాక్షతోట, పీపాల కొట్టు
వాన పడి వెలిసింది

ముక్కక్కా,

నీ ఉత్తరం చదివి నేరుగా కొట్టులోకి వెళ్ళి సున్నా మూత తీశాను. పీల్చాను. బయటికొచ్చి గాలి పీల్చుకుని మళ్ళీ వెళ్ళాను. నాకు రబ్బరు దొరకలేదక్కా. నల్లద్రాక్ష, కొంచెం పొగ, ఎండిన తోలు లాంటిదేదో. మీ మరదల్ని పిలిచాను. "ట్యూబు కాలిన వాసన వస్తోందా?" అని అడిగితే పావుగంట పీల్చి, "నువ్వడిగాక వస్తున్నట్టే ఉంది, అడక్కముందు లేదు" అంది. ఆ మాటని ఏం చేసుకోను?

అసలు ఏమీ అర్థం కావడం లేదు. ఉదయం పీలిస్తే లేదు. సాయంత్రం నీ ఉత్తరం ఇంకోసారి చదివి పీలిస్తే, ఉందా? ఉన్నట్టే ఉంది. అంత మంచిదనుకున్నది పాడైతే నా ముక్కు దేనికి పనికొస్తుంది? వచ్చే ఏడాది దేన్ని నమ్మి చెయ్యను?

"ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది నీ వాలకం. ఇంట్లో ఇద్దరికీ రాని వాసన పట్నంలో ఉన్నావిడకి ఎలా వచ్చింది?" అని మీ మరదలు కోప్పడింది. నీ ముక్కు సంగతి ఆవిడకేం తెలుసు.

గాలి తగిలితే అలాంటి కంపు పోవచ్చని నాన్న అనేవాడు. అందుకని వైన్ మొత్తం తొట్టిలోకి దింపి, పీపా కడిగి, మళ్ళీ పోశాను. అందులోంచి ఇంకో సీసా పంపుతున్నాను. ఒక్క ముక్కలో రాయి చాలు. ఉంచనా, పారబొయ్యనా? వర్తకుడి ముందు ఒక్క పీపా కంపు కొట్టినా మిగతా రెండూ ముట్టుకోడు.

చేపలతోనూ కోడితోనూ కూడా చూసి రాయి. ఆయనకి మాంసం పెద్దగా పడదట.

జ్వరం సంగతి దాచినందుకు కోపంగా ఉంది. ఇంకోసారి దాచకు.

నీ మొద్దు


హోటలు, మేడ మీద గది
ఆదివారం

తమ్ముడికి,

సీసా అందింది. పని ఒత్తిడి వల్ల వెంటనే రాయలేకపోయాను.

చేపలతో చూశాం. ఆవిరిమీద ఉడికించిన తెల్ల చేపతో జంట గీత చాలా బాగుంది. నిమ్మకాయ పిండితే ఇంకా బాగుంది. కోడి కూడా బాగుంది. పుట్టగొడుగులు వెన్నలో వేయించి ఇచ్చాను, వాటితో వైన్ తేలిపోయింది, నీళ్ళలా ఉంది. అదే పుట్టగొడుగులు మర్నాడు చేస్తే వాటంత జోడు ఇంకోటి లేదు. చేప మళ్ళీ చేశాం, ఈసారి ఇనప మేకు కొరికినట్టుంది. గొర్రెమాంసం మరీ బరువు. నల్ల చాక్లెట్‌తో అద్భుతం. వెనిగర్ కలిపిన ఆకుకూరలతో కూడా పరవాలేదు.

ఉప్పు తక్కువైతే వైన్ బాగుంటుంది. ఎక్కువైనా పరవాలేదనుకుంటా.

సున్నా గురించి ముందే రాశాను కదా. మళ్ళీ మళ్ళీ అడిగితే ఏం రాయను.

ఇక్కడ వాన. బావకి డ్యూటీ మారింది, తెల్లవారుజామునే ట్రాము తియ్యాలి. నువ్వు ఒంట్లో జాగ్రత్తగా ఉండు. ఉంటాను.

అక్క


ద్రాక్షతోట
సాయంత్రం

అక్కా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివినా తలా తోకా దొరకలేదు. చేప బాగుంది, చేప మేకు. ఉప్పు తక్కువైతే మంచిది, ఎక్కువైతే మంచిది. నీ ఉత్తరంలో నువ్వొక్కదానివే లేవు, ముగ్గురు కూర్చుని తలా ఒక వాక్యం చెప్పినట్టుంది. నా మీద కోపమా? పదే పదే అడిగి విసిగించానా? నీకు కోపం వస్తే ముక్కు మీదే కనపడుతుంది, ఉత్తరంలో ఎక్కడా కనపడలేదు. అది ఇంకా భయంగా ఉంది.

నేనూ చేప వండించి తాగాను. మేకు నిజం. మరి మొదట బాగుందని ఎందుకు రాశావు? ఏది నమ్మాలి?

చివరికి నీ ఉత్తరంలో నాకు తేటగా అర్థమైంది ఒక్కటే, సున్నా గురించి ముందే రాశానన్న మాట. గాలి తగిలించినా మారలేదన్నమాట.

నిన్న పారబోశాను.

మీ మరదలు అడ్డం నిలబడింది. "వారం ఆగు. ఆవిడే స్వయంగా వచ్చి చూడనీ" అంది. నేను వినలేదు. వర్తకుడొచ్చే లోపల పీపా కడిగి ఆరబెట్టకపోతే కంపు మిగతావాటికి అంటుకుంటుందని నా భయం. గొట్టం లాగి పక్క కాలవలోకి వదిలాను. ఎంతసేపు పారిందో. మొదట ఎర్రటి నురగ, తర్వాత చిక్కగా నల్లగా. కింద పొలం బాతులు వచ్చి నిలబడ్డాయి. పొరుగాయన గట్టు మీంచి అరిచాడు, "ఏమయ్యా, ఏదన్నా జంతువుని కోశారా?" అని. కాదండీ అన్నాను. 

అడుగున మిగిలింది ఒక గ్లాసులోకి పట్టి తాగాను. బాగుందక్కా. నాకింకా బాగానే ఉంది. నేను నిజంగానే మొద్దునేమో. నాన్న ముద్దుకి అనేవాడనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఉంటాను.


హోటలు, మేడ మీద గది
వాన ఆగలేదు

నాన్నా, బంగారూ,

నువ్వు మొద్దువి కావు. సున్నాలో కంపు లేదు. ఎప్పుడూ లేదు. కంపు నాలో ఉంది.

కుదురుగా చెప్పడానికి చూస్తాను. మొదటి ఉత్తరం రాసినప్పుడు నాకు నిజంగా తెలియదు. నాకు రబ్బరు వాసనే వచ్చింది, అదే రాశాను. తర్వాత ఒకరోజు పొడుగాయన ఉల్లిపాయలు వేయిస్తుంటే మీద పడి అరిచాను. ఆయన మూకుడు పక్కన పెట్టి, పచ్చి ఉల్లిపాయ కోసి ఖాళీ మూకుట్లో వేసి, నన్నే వేయించమన్నాడు. వేయించాను. రంగు కూడా మారలేదు, కంపు. మా యజమానురాలు వచ్చి నిలబడి, "అబ్బ, ఏం ఘుమఘుమలు" అంది. నేను గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాను.

ఆ సాయంత్రం ఇంట్లో ఒక్కొక్కటీ వాసన చూశాను. సబ్బు మామూలుగానే ఉంది. నిమ్మకాయ దాదాపు లేదు. కాఫీ, కాల్చిన రొట్టె, వేయించినదేదైనా ఒకటే కంపు. మీ బావ పక్కన కూర్చుంటే ఆయన చొక్కా కూడా. ఆయన దగ్గరికొస్తే మొహం తిప్పుకున్నాను. ఏం తప్పు చేశానోనని రెండు రోజులు బిక్కమొహం వేసుకుని తిరిగాడు పాపం.

డాక్టరు దగ్గరికెళ్ళాను. "జ్వరాల తర్వాత కొందరికి ఇలా అవుతుందమ్మా. ముక్కులో తీగలు తెగి మళ్ళీ అతుక్కునేటప్పుడు తప్పుగా అతుక్కుంటాయి. సర్దుకోవచ్చు" అన్నాడు. ఎప్పటికని అడిగితే చేతులు తిప్పాడు. ముఖ్యంగా కాలినవీ వేగినవీ ఇలా ఏడిపిస్తాయట. నీ కొత్త పీపా లోపల కాల్చారని రాశావు గుర్తుందా? అన్నింట్లోకీ నాకు అదే ఎక్కువ కంపు కొట్టింది ఎందుకో అప్పుడు తెలిసింది. అది బాగా కాలిన పీపా కనక. మంచి పీపా కనక.

ఇదంతా నీ రెండో ఉత్తరం రాకముందే నాకు తెలుసు. ఉంచనా, పారబొయ్యనా అని నువ్వడిగేసరికి తెలుసు.

అయినా రాయలేదు. వాసన తెలియని వంటమనిషిని ఎవరు పెట్టుకుంటారు? ఎవరికీ తెలియకూడదనుకున్నాను. కాగితం మీద పెడితే నిజమైపోతుందని భయపడ్డాను. సీసాలు పొడుగాయనకీ, మీ బావకీ, యజమానురాలికీ ఇచ్చి వాళ్ళన్న మాటలు నా మాటలుగా రాశాను. చేప బాగుందన్నది మీ బావ. మేకు అన్నది పొడుగాయన. చాక్లెట్ యజమానురాలు. నువ్వు ముగ్గురు కూర్చున్నట్టుందన్నావు, లెక్క సరిపోయింది. నేనే ఎక్కడా లేను.

సున్నా గురించి ముందే రాశాను కదా అన్న వాక్యం రాసి కలం ఆపాను. కొట్టేద్దామనుకున్నాను కూడా. వ్యానువాడు హారన్ కొట్టాడు. కవరు అంటించేశాను. మొదటిసారి తప్పు నా ముక్కుది. రెండోసారి తప్పు నాది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు రాస్తున్నాను. నన్ను తిట్టు. గట్టిగా తిట్టు. ఉత్తరం మాత్రం మానకు.

అక్క


తోట, వంటిల్లు

వదినా,

ఇది నేను రాస్తున్నా. మీ తమ్ముడు రాయడు. మీ ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకుని తోటలోకి పోయాడు. వారమైంది, తీగలు కత్తిరిస్తూనే ఉన్నాడు. కత్తిరించాల్సినవి ఎప్పుడో అయిపోయాయి, ఇప్పుడేం కత్తిరిస్తున్నాడో నాకు తెలియదు. భోజనానికి పిలిస్తే వస్తాడు, తింటాడు, పోతాడు. కాలవ గట్టున మట్టి ఇంకా ఎర్రగానే ఉంది. అటువైపు నడవడం మానేశాడు.

నాకు మీ మీద కోపం ఉంది వదినా, దాచను. నేను అడ్డం నిలబడ్డాను. నా మాట కంటే మీ ఉత్తరం బరువైంది. పెళ్ళయినప్పటినుంచీ ఈ ఇంట్లో మీ ముక్కు గురించి వింటున్నాను. మా అక్కయితే కనిపెట్టేది, మా అక్కయితే చెప్పేది. ఆఖరికి ఇలా అయింది.

అయినా మీ ఉత్తరం నేనూ చదివాను. ఆయన చొక్కా ఉతకడానికి తీస్తే దొరికింది. మీ ఆయన పక్కన కూర్చుంటే మొహం తిప్పుకున్నానని రాశారే, అక్కడ ఆగిపోయాను. తిండి సంగతి అలా ఉంచండి, మనిషి వాసన కూడా పోతే ఎలా ఉంటుంది వదినా? నాకు ఊహకందలేదు.

అసలు సంగతి. వర్తకుడు వచ్చే గురువారం వస్తానని కబురు పెట్టాడు. రెండు పీపాలే మిగిలాయి. నా వంట మీకు తెలుసు, ఆకలి తీరుతుంది, అంతకు మించి ఏమీ ఉండదు. మీరు రండి. వచ్చి వండండి. మీ తమ్ముణ్ణి అడక్కుండా రాస్తున్నాను. అడిగితే వద్దంటాడు. వద్దన్నాక మీరు రారు.

మీ మరదలు


హోటలు
వ్యాను బయల్దేరుతోంది

అమ్మాయీ,

వస్తున్నాను. బుధవారం పొద్దున్నకల్లా అక్కడ ఉంటాను. మంచి బొగ్గులు తెప్పించు. మాంసం నేను తెస్తాను.

ఒక్క మాట వాడికి చెప్పు. నేను వండగలను, రుచి చూడలేను. నాలిక మీద ఉప్పూ పులుపూ వగరూ తెలుస్తాయి, అంతకు పైన ఏదీ నమ్మను. పొయ్యి పక్కన వాడు నిలబడాలి. నాతో మాట్లాడకపోయినా సరే, చాలు, చాలదు అని చెబితే చాలు.

నీ కోపం న్యాయమైనదే.

వదిన


ద్రాక్షతోట, పీపాల కొట్టు పక్క గది
తీగలకి చిగుళ్ళు వచ్చాయి

అక్కా,

నువ్వు వెళ్ళేటప్పుడు కూడా నేను సరిగ్గా మాట్లాడలేదు. బస్సు కదిలాక చెయ్యి ఎత్తాను. నువ్వు చూశావో లేదో.

కోపం పోయిందా అంటే ఏం చెప్పాలో తెలియదు. ఉదయం ఉండదు. కొట్టులోకి వెళ్ళి మూడో పీపా తట్టితే బోలుగా మోగుతుంది, అప్పుడు మళ్ళీ వస్తుంది. నీ మీదో నా మీదో సరిగ్గా తెలియదు. నా ముక్కు బాగుందని చెబుతూనే ఉంది, నేనే వినలేదు కదా.

నువ్వు వంటింట్లోనే ఉండిపోయావు, బయట జరిగింది పూర్తిగా నీకు తెలియదు. అందుకని రాస్తున్నాను. ఇంకో సంగతి కూడా ఉంది. నువ్వు వండావు కానీ తినలేదు. తిన్నా నీకు అందలేదు. కనక అవి ఎలా ఉన్నాయో నేను చెప్పాలి. నాకు మాటలు రావు, తెలుసుగా. వచ్చినట్టు రాస్తాను.

మొదట మీ మరదలు మొండిగా చేప పెట్టించింది గుర్తుందా, ఆయనకి మాంసం పడదని? వర్తకుడు చేప తిని ఒంటి గీత ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. నేనూ తాగాను. తాళంచెవి చప్పరించినట్టుంది. "ఏమయ్యా, ఇదేనా నీ జవాబు?" అన్నాడు. ఇదివరకటి నేనైతే అక్కడే కూలబడేవాణ్ణి. "ఇది కాదండీ. దీంతో వద్దని చెప్పడానికే పెట్టాం" అన్నాను. ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట. ఆయన నవ్వాడు.

తర్వాత నీ పుట్టగొడుగులు. వెన్నలో వేయిస్తుంటే నీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ వల్లో కంపు వల్లో నేనడగలేదు. మొదటి విడత నీళ్ళూరి ఉడికిపోయాయని నేనంటే పారేసి రెండోసారి చేశావు చూడు, అవి వాన వెలిసిన మట్టిలా ఉన్నాయి, పైన మాత్రం వెన్న. అంచులు కరకరలాడాయి. జంట గీతతో మింగితే వైన్‌లో ఉన్న మట్టీ ఆ మట్టీ కలిసి ఏది ఎక్కడ ఆగిందో తెలియలేదు. నువ్వు రాసిన రెండూ నిజమేనక్కా. ఉడికినవాటితో వైన్ నీళ్ళు, వేగినవాటితో జోడు. ఆయన రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు.

మాంసం వద్దంటూనే ఒక ముక్క తీసుకున్నాడు. ఉప్పు చాలదని నేను రెండుసార్లు చెబితే రెండుసార్లూ మాట్లాడకుండా వేశావే, సరిగ్గా సరిపోయింది. పైన మాడీ మాడని చోట కొంచెం చేదు, లోపల రసం. కొవ్వు పెదాలకి అంటుకునేంతలో వైన్ వచ్చి తుడిచేసింది. అప్పుడు ఆ వగరు వగరులా లేదు. ఎలా చెప్పను, గరుకు చెయ్యి వీపు మీద పెట్టినట్టుంది. వెచ్చగా. నాన్న చెయ్యి అని రాద్దామనుకుని సిగ్గేసింది. రాసేశాను.

ఆయన ముక్క మొత్తం తిని, గ్లాసు ఖాళీ చేసి, గిన్నె వైపు చూసి, "మాంసం పడదని ఎవరు చెప్పారయ్యా నీకు?" అన్నాడు. ఒంటి గీత మొత్తం తీసుకున్నాడు. జంట గీత వచ్చే ఏడాది చూద్దామన్నాడు, ఇంకా బిగువు తగ్గాలట. కనక టమాటాల గొడవ ఈ ఏటికి లేదు. మీ మరదలు ఆయన వెళ్ళాక పెద్దగా ఊపిరి వదిలి, మిగిలిన మాంసం తనే తినేసింది.

ఒకటి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. ఇంకోసారి దాచకు అని నీకు రాసినవాణ్ణి నేనే కనక చెబుతున్నాను. వెళ్ళేముందు ఆయన గడప దగ్గర ఆగి, "ఇదే వైన్ బాగా కాల్చిన పీపాలో పెట్టి ఉంటేనా! లేదా అలాంటిది?" అని అడిగాడు. లేదండీ అన్నాను. లోపల నీ గరిటె చప్పుడు ఆగిపోయింది. విన్నావని అప్పుడే తెలిసింది.

నా కోపం తగ్గాక ఎప్పుడో రాయొచ్చని ఆగితే ఎప్పటికీ రాయను. అందుకని కోపంతోనే పంపుతున్నాను.

నీ తమ్ముడు


హోటలు వంటగది వెనక వరండా
మధ్యాహ్నం

తమ్ముడూ,

విన్నాను. గరిటె కింద పెట్టి గోడకి ఆనుకున్నాను కాసేపు. నువ్వు రాయకపోయి ఉంటే ఇద్దరం జన్మంతా అది వినలేదన్నట్టు నటించేవాళ్ళం.

బస్సులోంచి నీ చెయ్యి చూశాను.

మా యజమానురాలికి చెప్పేశాను. నీ దగ్గర్నుంచి తిరిగొచ్చిన రోజే, చీర కూడా మార్చుకోకుండా వెళ్ళి చెప్పాను. ఆవిడ లెక్కల పుస్తకం మూసి పక్కన పెట్టింది. తర్వాత, "మరి ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చావు?" అంది. చేతి అలవాటండీ అన్నాను. నన్ను తీసెయ్యలేదు. పెద్ద వంట ఇప్పుడు పొడుగాయనది. నేను ఆయన కింద. మొదటి రోజు ఆయన నా కూర రుచి చూసి "కాస్త పులుపు" అన్నాడు, వేశాను. ఉల్లిపాయల రోజు గురించి ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

డాక్టరు కొన్ని సీసాలిచ్చాడు, లవంగం, నిమ్మ, గులాబీ, ఇంకేదో. పొద్దునా సాయంత్రం కళ్ళు మూసుకుని వాసన చూస్తూ, అసలు వాసన ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలట. నిన్న లవంగం దగ్గర ఏదో తగిలింది. లవంగమో కాదో తెలియదు. కంపు మాత్రం కాదు. మీ బావని పిలిచి చెబితే ఆయన సంబరపడిపోయాడు, నాకే ఏమీ తేలలేదు. నమ్మాలో వద్దో. నా ముక్కుని నేను నమ్మి ఎన్నాళ్ళయిందో.

ఇవాళ మధ్యాహ్నం పుట్టగొడుగులు మిగిలితే పళ్ళెంలో పెట్టుకుని వరండాలో కూర్చున్నాను. ముక్కుకి బట్ట కట్టుకుని తినడం అలవాటైంది. నోట్లో ఉప్పు తెలిసింది, వెన్న జారుడు తెలిసింది, మిగతాదంతా ఖాళీ. నీ ఉత్తరం మోకాలి మీద పెట్టుకుని, ఒక వాక్యం చదివి ఒక ముక్క, ఒక వాక్యం చదివి ఒక ముక్క తిన్నాను. వాన వెలిసిన మట్టి అన్నావు. నమిలాను. అంచులు కరకర అన్నావు, అది నాకూ వినపడింది. ఇన్ని నెలల్లో మొదటిసారి తిన్నది తిన్నట్టనిపించింది.

పళ్ళెం అయిపోయింది, ఉత్తరం ఇంకా ఉంది. మిగతాది ఖాళీ పళ్ళెంతోనే చదివాను.

మీ ఇంట్లో ఏది వండినా రాసి పంపు. అమ్మాయి చేసింది కూడా. జంట గీత ఎలా మారుతోందో నెలకోసారి రుచి చూసి రాయి. నన్ను సంతోషపెట్టాలని మాత్రం రాయకు. బాగోలేకపోతే బాగోలేదనే రాయి.

నీ అక్క